మోజు అనే నింద

"మీవాడు ఎక్కడ చదువుతున్నాడండి?"
"వెల్లూరండి."
"అంత దూరమా? ఇక్కడ కాలేజీల్లేవా ఏంటండి? అంతా మోజు!"

కోనసీమలో పెళ్ళి భోజనాల బంతిలో ఈ మాట వినబడని ఏడాది లేదు. ఇప్పుడది బంతి దాటి వేదికలెక్కింది. పొరుగు రాష్ట్రాల్లో చదవడం గొప్పల కోసమేనని, మన డబ్బంతా తమిళనాడుకీ కర్ణాటకకీ తెలంగాణకీ తరలిపోతోందని, అమలాపురం, రాజోలు, కొత్తపేట చుట్టుపక్కల పెద్ద పెద్ద లోగిళ్ళకి తాళాలు పడడానికి ఈ చదువులే కారణమని వక్తలు చెబుతున్నారు. మనం తలలూపుతున్నాం. సొంత నేలంటే పిల్లలకి చిన్నచూపు అన్న తీర్మానం కూడా అయిపోయింది.

ఈ అభిప్రాయం మొదలంటా తప్పు. తప్పు కావడమే కాదు, అన్యాయం కూడా. పదిహేడేళ్ళ పిల్లవాడి మీద నింద మోపి, సీట్లు ఎక్కడ పెట్టాలో, ఉద్యోగాలు ఎక్కడ పోగుపడాలో నిర్ణయించిన పెద్దలందరినీ అది తప్పిస్తోంది.

ముందు సరిహద్దు సంగతి చూద్దాం. కోనసీమ నుంచి పై చదువుకి వెళ్ళిన తొలి తరాలకి మద్రాసే దిక్కు. 1857లో పుట్టిన మద్రాసు విశ్వవిద్యాలయం పరిధిలోనే మన జిల్లాలన్నీ ఉండేవి. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో గానీ రాలేదు. కోస్తాకి ఇంజినీరింగ్ కాలేజీ 1946లో గానీ రాలేదు. విశాఖలో మొదలై కాకినాడ చేరిన ఆ కాలేజీయే ఇవాళ్టి జేఎన్‌టీయూకే. అంతకుముందు ఇంజినీరు కావాలనుకున్న గోదావరి కుర్రాడు మద్రాసులోని గిండీ కాలేజీ బాట పట్టేవాడు. అప్పుడు ఎవరూ దాన్ని మోజు అనలేదు, ఎందుకంటే మద్రాసు అప్పటికి మన రాజధానే. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, మద్రాసు పరాయిదైంది. 1956లో హైదరాబాదు రాజధాని అయింది. ఆ తర్వాత దాదాపు అరవై ఏళ్ళు కేంద్ర సంస్థలు, పరిశోధనాలయాలు, పెద్ద ఆసుపత్రులు, సాఫ్ట్‌వేర్ కొలువులు అన్నీ అక్కడే పోగుపడ్డాయి. కోనసీమ కొబ్బరి డబ్బు, వరి డబ్బు కూడా అక్కడే మేడలైంది. 2014లో హైదరాబాదూ పరాయిదైంది.

ఆ విడిపోవడం చదువుల్లో వెంటనే తెలియలేదు. విభజన చట్టం పదేళ్ళకు మించకుండా పాత ప్రవేశ కోటాలు సాగుతాయని చెప్పింది. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులవి, 15 శాతం అందరివీ. ఆ 15 శాతంలో మన పిల్లలు హైదరాబాదు కాలేజీల్లో పోటీ పడుతూ వచ్చారు. పదేళ్ళ గడువు 2024 జూన్ 2తో తీరింది. 2025లో తెలంగాణ ప్రభుత్వం ఆ 15 శాతాన్ని కూడా తమ రాష్ట్రంతో సంబంధమున్నవాళ్ళకే పరిమితం చేసింది. తెలంగాణ పిల్లల కోసం తెలంగాణ చేసుకున్న నిర్ణయం అది, దాన్ని తప్పుపట్టను. నేను చెప్పేది ఇదీ: తాత మద్రాసు వెళ్ళి చదివాడు, తండ్రి హైదరాబాదు వెళ్ళి చదివాడు, ఇద్దరూ సొంత రాష్ట్రంలో చదివినట్టే లెక్క. మనవడు అదే హైదరాబాదు వెళితే రాష్ట్రం వదిలిపోయినవాడయ్యాడు. ముగ్గురూ చేసింది ఒకటే పని. పెద్ద చదువు ఉన్న చోటికి వెళ్ళారు. రెండుసార్లు గీత జరిగింది, రెండుసార్లూ మన చదువులు గీతకి అవతలే ఉండిపోయాయి.

ఇక ఇంటి గడప దగ్గరికి వద్దాం. ఒక పక్క గౌతమి, ఒక పక్క వసిష్ఠ, దిగువన సముద్రం. కోనసీమ కుర్రాడికి కాలేజీ అంటేనే ఏరు దాటడం. సఖినేటిపల్లి వైపు పిల్లలు పంటెక్కి నరసాపురం వెళ్ళి చదువుకుంటారు. ముక్తేశ్వరం రేవులో పంటెక్కితే కోటిపల్లి, అక్కణ్ణుంచి కాకినాడ దారి. శ్రావణంలో గోదావరికి వరదొస్తే పంటు ఆగిపోతుంది, కాలేజీలో హాజరు మాత్రం ఆగదు. లంక గ్రామాల పిల్లలు పుస్తకాల సంచి నెత్తిన పెట్టుకుని పడవెక్కుతారు. కోటిపల్లి నుంచి నరసాపురం దాకా 57 కిలోమీటర్ల రైలు మార్గం 2000-01లో మంజూరైంది. ఆ ఏడు పుట్టిన బిడ్డ ఇంజినీరింగు పూర్తి చేసి ఉద్యోగంలో కూడా చేరిపోయి ఉంటుంది. అమలాపురానికి రైలు రాలేదు.

కాబట్టి ఇల్లు వదలడం మన పిల్లలకి పద్దెనిమిదో ఏట మొదలయ్యేది కాదు. పదో తరగతి ఫలితాలు వచ్చిన కొన్నాళ్ళకే ట్రంకుపెట్టె, పరుపుచుట్ట, బకెట్టు, మగ్గు, ఆవకాయ జాడీ సర్దుకుని విజయవాడ శివార్లలో ఏదో ఒక కార్పొరేట్ జూనియర్ కాలేజీ హాస్టల్లో చేరిపోతారు. తల్లికి ఆదివారం ఫోను, తండ్రికి ఫీజు రసీదు. రెండేళ్ళు అలా గడిపిన పిల్లవాడికి కోనసీమ అప్పటికే సెలవుల ఊరు. వాణ్ణి పదిహేనో ఏట మనమే పంపాం, సొంత రాష్ట్రంలోనే పంపాం. అప్పుడు ఎవరూ నోరెత్తలేదు. పద్దెనిమిదో ఏట వాడు మరో మూడొందల కిలోమీటర్లు ముందుకెళితే మాత్రం నేల మీద ప్రేమ లేదంటున్నాం.

"ఇక్కడ సీట్లు ఖాళీగా ఉన్నాయి కదా" అనేది మోజు అనేవాళ్ళ అతి పెద్ద వాదన. నిజమే, ఏటా కౌన్సెలింగ్ ముగిశాక ఇంజినీరింగ్ సీట్లు మిగులుతున్నాయి. మిగిలేవి ఏ కాలేజీల్లోవో, ఏ బ్రాంచీల్లోవో కూడా చెప్పాలి కదా. అధ్యాపకులు చాలని చోట, ల్యాబులు తనిఖీ రోజుకే తెరుచుకునే చోట, కంపెనీలు తొంగి చూడని చోట సీట్లు మిగులుతాయి. వెబ్ ఆప్షన్లు పెట్టే రాత్రి ఏ నెట్ సెంటర్లోనైనా నిలబడి చూడండి. తండ్రి పక్కన కూర్చుని వేలితో తెర మీద చూపిస్తూ అడిగేవి రెండే ప్రశ్నలు: "ఇందులో ప్లేస్‌మెంట్లు ఎలా ఉంటాయి బాబూ? ఫీజు ఎంత?" ఈ రెండింటిలో మోజు ఎక్కడుందో చూపించమనండి. సీటు అనేది కుర్చీ. చదువు చెప్పే మనిషి లేని కుర్చీని ఖాళీగా వదిలిన పిల్లవాడు తెలివైనవాడు.

డిగ్రీ కాలేజీల కథ ఇంకా బాధాకరం. అమలాపురంలో ఎస్‌కేబీఆర్ కాలేజీ 1951లో పుట్టింది. కోనసీమ ఇళ్ళల్లో మొదటి పట్టభద్రుల్ని తయారుచేసిన కాలేజీల్లో అది ముందు వరసలో ఉంటుంది. రాజోలు, కొత్తపేట, రావులపాలెంలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీలు ఉన్నాయి. ఇవన్నీ నిలబడాల్సినవి. కానీ రాష్ట్రంలో విశ్వవిద్యాలయాల అధ్యాపక పోస్టులు ఏళ్ళ తరబడి నిండలేదు. డిగ్రీ విధానం మాటిమాటికీ మారింది. 2023-24లో ఒక్కసారిగా సింగిల్ మేజర్ పద్ధతి వచ్చి పడింది. లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ మూడూ సమానంగా చదివి పీజీకి వెళ్ళే పాత దారి మూసుకుపోయింది. ఇన్ని మార్పులు చేసినవాళ్ళు పిల్లలు ఎందుకు చేరడం లేదని అడగడం ఏం న్యాయం?

వైద్య విద్య సంగతి సరేసరి. 2021లో శంకుస్థాపన చేసిన కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలల్లో అమలాపురం ఉంది. 2023లో వాటిలో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాల తరగతులు మొదలుపెట్టాయి. అమలాపురం ఆ వరసలో లేదు. 2025లో దాన్ని ప్రైవేటు భాగస్వామ్యంలో కట్టే పది కాలేజీల జాబితాలో చేర్చారు. ఒక ప్రభుత్వం శంకుస్థాపన చేసింది, ఇంకో ప్రభుత్వం పద్ధతి మార్చింది. ఈలోగా నీట్ రాసిన బైపీసీ పిల్లలు బళ్ళు కట్టుకుని వెళ్ళిపోయారు. సీటు ఇవ్వలేనివాళ్ళకి వెళ్ళిపోయినవాళ్ళని నిలదీసే హక్కు లేదు.

ఇంకో మాట. పిల్లల్ని రాష్ట్రం దాటించేది చాలాసార్లు సర్కారు విధానమే. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రానివి, సగం ఇతర రాష్ట్రాలవి. తాడేపల్లిగూడెంలో 2015లో వచ్చిన ఎన్‌ఐటీలో సగం మంది బయటివాళ్ళు ఉండాలి, కాలికట్‌లో, సూరత్కల్‌లో, తిరుచ్చిలో సగం మంది మనలాంటి బయటివాళ్ళు ఉండాలి. దేశం పిల్లలు కలిసి చదవాలన్న ఆలోచనతో పెట్టుకున్న నియమం అది. మంచి నియమం. ఐఐటీలకైతే అసలు రాష్ట్రమే లేదు, ర్యాంకు ఎక్కడికి తీసుకెళితే అక్కడికే. మంచి ర్యాంకు తెచ్చుకుని సూరత్కల్ వెళ్ళిన అంబాజీపేట అమ్మాయిని ఊళ్ళో సన్మానిస్తాం. అదే అమ్మాయి తమ్ముడు కాంచీపురం దగ్గర ప్రైవేటు విశ్వవిద్యాలయంలో చేరితే మోజు అంటాం. ఇద్దరూ దాటిన సరిహద్దు ఒకటే. తేడా ర్యాంకులో ఉంది, నేల మీద ప్రేమలో లేదు.

డబ్బు పెట్టి చదివేవాళ్ళ సంగతీ దాచక మాట్లాడుకుందాం, ఎందుకంటే నింద ఎక్కువగా పడేది వాళ్ళ మీదే. ఆ దారి ఎలా పడిందో గుర్తు చేసుకోవాలి. 1983లో ఆంధ్రప్రదేశ్ క్యాపిటేషన్ ఫీజుని నిషేధిస్తూ చట్టం చేసింది. ఉద్దేశం గొప్పది. కానీ నిషేధించిన సీట్లకి బదులు ప్రభుత్వ సీట్లు సరిపడా పెంచలేదు. కృష్ణా, గోదావరి డెల్టా రైతుల పిల్లలు కర్ణాటక దారి పట్టారు. అక్కడ వాళ్ళకోసం ధర సిద్ధంగా ఉంది. 1989లో కర్ణాటక ప్రభుత్వం ప్రైవేటు వైద్య కళాశాలల ఫీజు ఖరారు చేసింది: ప్రభుత్వ సీటుకి ఏడాదికి 2,000 రూపాయలు, కర్ణాటక విద్యార్థికి 25,000, బయటి రాష్ట్రం విద్యార్థికి 60,000 దాకా. ఆ ఫీజు మీదే మోహినీ జైన్ కేసులో 1992లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, ఆ మరుసటి ఏడు ఉన్నికృష్ణన్ కేసు తీర్పు వచ్చింది. ఆ రెండో కేసు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మీద వేసిందే. తర్వాత్తర్వాత కోనసీమలోనూ ప్రైవేటు కాలేజీలు పుట్టుకొచ్చాయి. ఓడలరేవులో ఇంజినీరింగ్ కాలేజీ 1997లో వచ్చింది. అప్పటికే పొరుగు రాష్ట్రాల విద్యాసంస్థలు మనకంటే పన్నెండు, పదమూడేళ్ళు ముందున్నాయి. వెల్లూరులో 1984లో, కాటాన్‌కుళత్తూరులో 1985లో మొదలైన ఇంజినీరింగ్ కాలేజీలే పెరిగి పెద్ద విశ్వవిద్యాలయాలయ్యాయి. మన పిల్లలు వెతుక్కుంటూ వెళ్ళారంటున్నాం, ఆ సంస్థలు మన పిల్లల్ని వెతుక్కుంటూ రాలేదా? వేసవి వస్తే తెలుగు పత్రికల మొదటి పేజీలు ఎవరి ప్రకటనలతో నిండుతున్నాయో చూడండి. 2017లో ఆ రెండు సంస్థలూ అమరావతిలోనే గుడారం వేశాయి. పిల్లల మోజు సంగతి మాట్లాడేవాళ్ళు ఈ వ్యాపారం సంగతి ఎందుకు మాట్లాడరు?

మోజు వాదం నిజమైతే దానికి ఇంకో పరీక్ష ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో ఇవాళ బీహార్, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్ పిల్లలు కనిపిస్తారు. గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల హాస్టళ్ళ మెస్సుల్లో ఇడ్లీ పక్కన పరోటా, రాజ్మా వచ్చి చేరాయి. వాళ్ళు మన గోంగూర మీద మోజుతో వచ్చారా? పాట్నాలో సీటు దొరకనివాడు గుంటూరు వచ్చాడు, అమలాపురంలో దొరకనివాడు వెల్లూరు వెళ్ళాడు. దేశమంతటా చదువుకునే పిల్లల సంఖ్య పెరిగినంత వేగంగా మంచి ప్రభుత్వ సీట్లు పెరగలేదు. అక్షరాస్యతలో దేశంలో ముందు వరసలో ఉన్న కేరళ పిల్లలు మంగళూరు, బెంగళూరు, కోయంబత్తూరు కాలేజీలకి తరాలుగా వెళుతున్నారు. వాళ్ళని నేల మీద ప్రేమ లేనివాళ్ళని ఎవరూ అనరు.

అసలు ఇక్కడే చదివినవాడు ఇక్కడే ఉంటున్నాడా? కోనసీమలోనే బీటెక్ పూర్తి చేసిన కుర్రాడు నాలుగేళ్ళ తర్వాత అమీర్‌పేట కోచింగ్ సెంటర్లో తేలుతున్నాడు, లేదా బెంగళూరులో నలుగురితో గది పంచుకుంటున్నాడు. ఉద్యోగం అక్కడుంది గనక. చదువు ఇక్కడ ముగించినా అక్కడ ముగించినా పని మాత్రం బయటే అయినప్పుడు, నాలుగేళ్ళు ముందే బయటికి వెళ్ళడం లెక్క తెలిసినవాడి నిర్ణయం.

ఇక్కడ పని ఎందుకు లేదు? కోనసీమ కింద చమురు, సహజవాయువు ఉన్నాయి. 1995లో పాశర్లపూడి బావి మంటలు వారాల తరబడి ఆరలేదు. 2014 జూన్‌లో నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపులైను పేలి మనుషులు నిద్రలోనే కాలిపోయారు. తాటిపాకలో రిఫైనరీ ఉంది, ఓడలరేవులో టెర్మినల్ ఉంది. ప్రమాదం మన గుమ్మంలో ఉంది. ఆ చమురు చదువుకి పేరుమోసిన సంస్థ ధన్‌బాద్‌లో ఉంది, 2016లో కేంద్రం ఇచ్చిన కొత్త పెట్రోలియం సంస్థ విశాఖకి వెళ్ళింది. కొబ్బరి సంగతి చెప్పనే అక్కర్లేదు. అంబాజీపేటలో పరిశోధనా కేంద్రం ఉంది, కానీ దేశానికి కొబ్బరి పరిశోధన నడిపే కేంద్ర సంస్థ కాసరగోడులో ఉంది, కొబ్బరి బోర్డు కొచ్చిలో ఉంది. చమురు మీదా కొబ్బరి మీదా బతికే సీమలో ఆ రెండింటి మీదా పెద్ద చదువు లేదు.

భూమినే నమ్ముకుని ఉండమంటారా? 1996 నవంబరు తుపాను కొబ్బరిచెట్లని వేళ్ళతో సహా పడగొట్టింది. మళ్ళీ వేసిన మొక్క కాపుకి రావడానికి ఏళ్ళు పట్టింది. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. పెట్టిన పెట్టుబడి రాదని, మురుగుకాలవలు పూడిపోయి చేలు మునిగిపోతున్నాయని, దేశానికి అన్నం పెట్టే డెల్టా రైతు నాగలి దించేశాడు. ఆ ఏడు పదో తరగతి చదువుతున్న రైతుబిడ్డకి తండ్రి ఏం చెప్పి ఉంటాడు? "చదువుకుని వెళ్ళిపో నాన్నా" అని కాక ఇంకేం చెబుతాడు? సఖినేటిపల్లి, మలికిపురం మండలాల్లో తల్లులు కువైట్‌లో, మస్కట్‌లో ఇళ్ళ పనులు చేసి పంపిన డబ్బుతో పిల్లలు చదువుకున్నారు. ఆ తల్లి డబ్బుని మోజు అనడానికి నోరెలా వస్తుంది?

ఇంటి నుంచే పని చేసుకోవచ్చు కదా అనేవాళ్ళూ ఉన్నారు. కొందరు అలా చేశారు కూడా. జిల్లాకి అంబేడ్కర్ పేరు పెట్టే విషయమై 2022 మే 24న అమలాపురంలో ఇళ్ళు తగలబడ్డాయి. ఆ తర్వాత రెండు వారాల పాటు ఇంటర్నెట్ లేదు. లాప్‌టాప్ చేత పట్టుకుని సిగ్నల్ కోసం గోదావరి ఒడ్డుకి, యానాం వైపుకి పరుగెత్తిన యువకుల్ని ఆ రోజుల్లో చూశాం. అంబేడ్కర్ పేరు పెడతామన్నందుకే ఊరు తగలబడిన చోట, దళితవాడ నుంచి వచ్చిన కుర్రాడు తన ఇంటిపేరు, పేట పేరు ఎవరూ అడగని నగరంలో చదువుకోవాలనుకుంటే అది అవసరం. ఆడపిల్లల సంగతీ అంతే. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1930లలో మద్రాసులో తెలుగు ఆడవాళ్ళని కాశీ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకి సిద్ధం చేశారు. ఆ ప్రయత్నంలోంచే 1937లో ఆంధ్ర మహిళా సభ పుట్టింది. దగ్గరున్న తలుపులు మూసి ఉంటే ఎక్కడో కాశీ తలుపు తట్టారు. చదువు కోసం దూరం వెళ్ళడం మన చరిత్రలో చాలాసార్లు విముక్తి అయింది.

మోజు అసలే లేదని నేననను. పక్కింటివాళ్ళబ్బాయి వెళ్ళాడని అప్పు చేసి పంపినవాళ్ళు ఉన్నారు. ఏజెంటు మాట నమ్మి బోర్డు తప్ప గోడలు లేని కాలేజీలో పిల్లని చేర్చి ఏడ్చినవాళ్ళు ఉన్నారు. కానీ వేలాది కుటుంబాలు ఏళ్ళ తరబడి ఒకే దిక్కుకి నడుస్తుంటే దానికి పెద్ద కారణం ఏ ఒక్కరి మనసులోనో ఉండదు, ఏర్పాట్లలో ఉంటుంది.

ఈ గొడవలో మనం మరిచిపోతున్నది వెళ్ళలేనివాళ్ళని. 2008 ప్రాంతంలో మొదలై పేర్లు మారుతూ వచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంట్ వేలాది పేదింటి పిల్లల్ని ఇంజినీర్లని చేసింది. కానీ ఆ సాయం కన్వీనర్ కోటా దాటదు. పొరుగు రాష్ట్రపు డీమ్డ్ విశ్వవిద్యాలయంలో చేరినవాడికి ఆ సొమ్ము రాదు. కాబట్టి అరెకరం కూడా లేని ఇంటి పిల్లవాడు ఇక్కడే, దొరికిన కాలేజీలోనే చేరతాడు. ప్రభుత్వం బకాయి పెడితే కాలేజీ వాడి సర్టిఫికెట్లు ఆపుతుంది. తెలివిలో వెల్లూరు వెళ్ళినవాడికి ఏమాత్రం తీసిపోనివాడు సర్టిఫికెట్ కోసం ఆఫీసు గుమాస్తా ముందు నిలబడతాడు. కోనసీమ నిజంగా సిగ్గుపడాల్సింది ఇందుకు.

వెళ్ళినవాళ్ళని తిరిగి రమ్మని తిట్టి రప్పించలేం. ఉన్నవాళ్ళకి న్యాయం చేస్తే, వచ్చే దారి వేస్తే వస్తారు. అమలాపురం వైద్య కళాశాలని ప్రభుత్వమే కట్టి ప్రభుత్వమే నడపాలి. కొబ్బరి, ఆక్వా, చమురు, తీరప్రాంతం మీద చదువు చెప్పే ప్రభుత్వ విశ్వవిద్యాలయ ప్రాంగణం ఒకటి కోనసీమలో పెట్టాలి. డిగ్రీ కాలేజీల్లో ఖాళీ పోస్టులు నింపాలి. ఫీజు బకాయిలు ఏ ఏడాదివి ఆ ఏడాదే తీర్చాలి, పేద పిల్లవాడు మెరిట్‌తో ఏ రాష్ట్రంలో సీటు తెచ్చుకున్నా ఆ సాయం వాడి వెంట వెళ్ళాలి. కోటిపల్లి-నరసాపురం రైలు నడవాలి.

పెద్దలకి నా విన్నపం ఒక్కటే. ఈసారి మీ ఊరికి ఓట్లడగడానికి వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి ఈ పనుల్లో ఏది ఎప్పటికి చేస్తావో రాసిమ్మని అడగండి. బదులు చెప్పాల్సింది వాడు. సెలవులకి ఇంటికొచ్చిన పిల్లవాడికి మాత్రం కడుపునిండా అన్నం పెట్టి, నీ చదువు ఎలా సాగుతోందని అడగండి, చాలు.